మెదక్ చర్చికి ఒక పగలంత

"నల్లవాగు కట్ట మీదికి ఎన్నిసార్లు తోల్కపోతం వదినె, పిల్లలకు మొకం మొత్తింది. ఈ దసరా సెలవులల్ల మెదక్ చర్చికి పోదాం," అన్న నేను. గోడకు అటు దిక్కు వదినె బట్టలు ఆరేస్తున్నది. ఇటు దిక్కు నేను పెసర్లు చెరుగుతున్న. మా సిర్గాపూర్‌ల ఏ ప్రయాణమైనా ముందు గోడ కాడ ఖాయమైతది, ఆ తర్వాతనే ఇంట్లోళ్లకు తెలుస్తది.

"మెదక్‌ల ఏముంటది వదినె? బీదర్ ఖిల్లా చూసినం. ఝరాసంగం పోయి కేతకి సంగమేశ్వరునికి మొక్కొచ్చినం. ఇంక పోతే హైదరాబాదే పోవాలె," అన్నది ఆమె.

నాకు ఆ మాట మనసున పట్టలేదు. మొన్న మొన్నటిదాకా మన జిల్లా పేరే మెదక్. బడి సర్టిఫికెట్ మీద మెదక్, రేషన్ కార్డు మీద మెదక్, పట్టా పుస్తకం మీద మెదక్. కలెక్టరాఫీసేమో ఎప్పటినుంచో సంగారెడ్డిల ఉండె. పని ఉంటే సంగారెడ్డి పోయొచ్చినం, మెదక్ మొకం చూసినోళ్లు మన వాడకట్టుల ఎంతమంది? 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు చేసిన నాడు మనం సంగారెడ్డి జిల్లల పడ్డం. కాగితం మీది పేరు కూడా పోయింది. బతుకంత ఏ ఊరు పేరు రాసుకున్నమో ఆ ఊరు ఒక్కసారన్న చూడాలె గద వదినె అన్న.

"అది వాళ్ల దేవుని గుడి. మనం పోతే ఏమన్న అంటరేమో," అని గొంతు తగ్గించింది వదినె. అనరు. రోజూ ఎక్కడెక్కడోళ్లో వచ్చి చూసి పోతనే ఉంటరు. బొట్టు పెట్టుకున్నోళ్లు, బురఖా ఏసుకున్నోళ్లు అందరు వస్తరు. మన దిక్కు చర్చిలకు పోయేటోళ్లు చెప్పులు బయట ఇడిచిపోతరు, మనమూ అట్లనే పోదాం. లోపట ప్రార్థన చేసుకునేటోళ్లు ఉంటరు, పిల్లలను ఉరకనియ్యొద్దు, గట్టిగ మాట్లాడొద్దు. ఫొటో దియ్యాలనుకుంటే కావలాయనను అడిగి తీసుడు. మన గుడికి వేరే ఊరోళ్లు వస్తే మనం ఏం కోరుకుంటమో వాళ్లూ అదే కోరుకుంటరు.

గంతల వదినె వాళ్ల అత్త, నేను పెద్దమ్మ అని పిలుస్త, అరుగు మీదికెళ్లి అందుకున్నది. "అది కరువుల కట్టిన గుడి గదా బిడ్డా?" అన్నది.

ఔ పెద్దమ్మ, అదే. నేను మెదక్ పోదామన్నది కూడా అందుకే. చర్చి పెద్దగ ఉన్నది, అందంగ ఉన్నది అని అందరు చెప్తరు. అది ఎట్ల లేచిందో మాత్రం పిల్లలకు ఎవ్వరు చెప్తలేరు.

చార్లెస్ వాకర్ పోస్నెట్ అని ఒక పాదిరి. ఇంగ్లండ్ నుంచి వెస్లియన్ మెథడిస్టు మిషన్ తరఫున 1895ల సికింద్రాబాద్ వచ్చిండు. మొదలు తిరుమలగిరిల తెల్ల సిపాయిలకు ప్రార్థనలు చేయించేటోడు. ఆ పని కాడ ఆగకుండ పల్లెల బాట పట్టి మెదక్ చేరుకున్నడు. అప్పుడు మెదక్‌కు రైలు లేదు. అసలు మెదక్ టౌనుకు రైలు వచ్చిందే 2022ల, అక్కన్నపేట నుంచి పట్టాలు ఏసినంక. ఆయన వచ్చిన నాడు గుర్రమో, బండో, కాళ్లో.

చర్చి పని 1914ల మొదలైంది. అదే ఏడు అటు దేశాలల్ల మొదటి ప్రపంచ యుద్ధం లేచింది. ఇక్కడ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ గద్దె మీద ఉన్నడు. ఆ పదేండ్లు మన ప్రాంతానికి గడ్డుకాలం. వానలు దప్పినయి, ధరలు పెరిగినయి, 1918ల ఇన్‌ఫ్లుయెంజా జ్వరం వచ్చి ఊర్లకు ఊర్లను కాటికి పంపింది. తిండికి లేక జనం అల్లాడుతుంటే పోస్నెట్ వాళ్లను పనికి పిలిచిండు. రాయి మొయ్యి, సున్నం కలుపు, మట్టి తవ్వు, పొద్దుమీకి బువ్వ తీస్కపో. ఉత్తగ పంచితే చెయ్యి చాపిన తక్లీఫ్ మనిషికి ఉంటది. పని చేసి తీస్కపోతే తలెత్తుకొని ఇంటికి పోతడు. మన ఊర్లె ఇప్పటికీ ఉపాధి హామీకి పోయేటోళ్లను అడుగు, కరువు పనికి పోతున్న అనే అంటరు.

ఇట్ల కట్టుడు మన దేశంల కొత్త గాదు. లక్నోల బడా ఇమాంబాడా అని ఉన్నది. 1784ల అవధ్ నవాబు అసఫుద్దౌలా కరువు పడ్డప్పుడు జనానికి పని చూపెట్టనీకే మొదలు పెట్టిచ్చిండు. అక్కడ నవాబు, ఇక్కడ పాదిరి. ఇద్దరి మతాలు వేరే, దేశాలు వేరే, ఆకలికి దొరికిన మందు ఒక్కటే.

"అయితే మా ముసలోళ్ల చేతులు కూడా దాని మీద పడి ఉండొచ్చు," అన్నది పెద్దమ్మ. ఎవరి ముత్తాత ఎత్తిన రాయి ఏ గోడల ఉన్నదో ఏ పుస్తకంల రాసిలేదు. ఇంగ్లండ్ ఆర్కిటెక్టు పేరు రాసి ఉన్నది. బ్రాడ్‌షా గాస్ అండ్ హోప్ అనే కంపెనీల ఉండే థామస్ ఎడ్వర్డ్ హార్డింగ్ నక్ష గీసిండు. కూలికి పోయినోళ్ల పేర్లు మాత్రం లెవ్వు. నా మటుకు నాకు ఆ గుడి కాడ మొదలు యాదికి రావాల్సినోళ్లు వాళ్లే. పిల్లలకు గోపురం చూపెట్టే ముందు గోడ రాయి చూపెట్టి, ఇది ఆకలితోని ఉన్నోళ్లు మోసిన రాయిరా అని చెప్పాలె.

మన నారాయణఖేడ్ దిక్కు పిల్లలకు ఇది చెప్తే అర్థమైతది. దీపావళి దాటంగనే ఎన్ని ఇండ్లకు తాళాలు పడ్తయో వాళ్లు చూస్తనే ఉన్నరు. చెరుకు నరుకనీకే కర్ణాటకకు, మహారాష్ట్రకు పోయే కుటుంబాలల్ల వదినె మరిది వాళ్లది కూడా ఉన్నది. చిన్న పోరడు బడి ఇడిచిపెట్టి తల్లిదండ్రుల ఎంట పోతడు, మళ్ల ఎండకాలానికే వస్తడు. అందుకే దినం ఖాయం చేసేటప్పుడు నేను గట్టిగ చెప్పిన, వాళ్లు పోకముందే పోవాలె, ఆ పోరడు మనతోనే రావాలె అని. వదినె కండ్లల్ల నీళ్లు తిరిగినయి గాని తల ఊపింది.

ఇగ దినం ముచ్చట. క్రిస్మస్‌కు పోదాం, దీపాలు ఉంటయి అన్నది వదినె. వద్దంటి. ఆ చర్చి తెరిచిందే 1924 డిసెంబర్ 25న. క్రిస్మస్ పండుగ, చర్చి పుట్టినరోజు రెండు ఒక్కనాడే. తెల్లారకముందే మొదటి ఆరాధన మొదలైతది, లక్షల మంది వస్తరు. 2024ల నూరేండ్లు నిండినప్పుడైతే సందడి చెప్పనలవి గాదు. భక్తితోని పోయేటోళ్లకు ఆ దినం మంచిదే. ముసలామెను, చిన్నపిల్లలను పట్టుకొని చూడనీకే పోయేటోళ్లకు గాదు. గుడ్ ఫ్రైడే కూడా అంతే. ఆదివారం పొద్దుగాల ఆరాధన ఉంటది, మనం నడుమల పోయి తిరుగుడు మర్యాద గాదు. దసరా అయినంక, బడి తెరవకముందు, సోయా కోతలు చూసుకొని వారం నడుమ ఒక దినం పెట్టుకుందాం అన్న. వానలు వెనుకపట్టు పట్టి ఉంటయి, ఆకాశం తేటగ ఉంటది.

ఆకాశం తేటగ ఉండుడు ఎందుకు కావాలె అంటే, అక్కడి కిటికీల కోసం.

లోపటికి పోంగనే ఎదురుంగ, పీఠం పైన, రంగుటద్దాల పెద్ద కిటికీ ఉంటది. ఏసుప్రభు ఆకాశానికి ఎక్కిపోయే ఘట్టం దాని మీద ఉన్నది. రెండు పక్కల ఇంకో రెండు. ఒక దాని మీద పుట్టుక, ఒక దాని మీద సిలువ. మూడూ ఒక్కనాడు పెట్టినవి గావు. ఆరోహణం కిటికీ 1927ల వచ్చింది. పుట్టుక కిటికీ 1947ల. సిలువ కిటికీ 1958ల. అంటే నిజాం రాజ్యంల ఒకటి, దేశానికి స్వతంత్రం వచ్చిన ఏడు ఒకటి, ఆంధ్రప్రదేశ్ అయినంక ఒకటి. రాజ్యాలు మారినయి, పని నడిచింది. వాటిని తయారు చేసినాయన ఫ్రాంక్ సాలిస్‌బరీ, ఇంగ్లండ్‌ల పేరుమోసిన చిత్రకారుడు.

ఆ అద్దాల లక్షణం ఏందంటే, వాటికి వెలుగు బయటికెళ్లి రావాలె. సూర్యుడు అద్దం ఎనుక ఉంటేనే బొమ్మ లేస్తది. నీలి, ఎరుపు, బంగారు రంగులు తేలి మనుషుల మొకాలు కనబడ్తయి. పొద్దుగూకిందంటే లోపట నిలబడి చూసెటోళ్లకు నల్లటి అద్దమే. లోపట ఎన్ని లైట్లు ఏసినా లాభం లేదు. చాన మంది హైదరాబాద్ నుంచి కార్లు ఏసుకొని, తొవ్వల అన్ని చూసుకుంట, పొద్దుమీకి చర్చికి చేరుకుంటరు. గోపురం కింద సెల్ఫీ దిగి మళ్లుతరు. కిటికీలు చూడకుండ వచ్చినోళ్లు మెదక్ చర్చి చూసినట్టు గాదు, ఇది నా మాట. మబ్బు పట్టిన దినం కూడా పోవద్దు. ఒక్క కిటికీ కాడనే కాదు, మూడింటి కాడ కూసోవాలె. పొద్దు తిరిగిన కొద్ది రంగులు కూడా తిరుగుతయి. అందుకే పొద్దుగాల చేరి, పగటాల బువ్వ తిని, మళ్లొకసారి లోపటికి పోదాం అన్న. వదినెకు ఈ మాట నచ్చింది.

"ఎంత పెద్దగ ఉంటది?" అని వదినె పెద్దకొడుకు గోడెక్కి అడిగిండు. నూరడుగుల వెడల్పు, రెండు వందల అడుగుల పొడుగు, ఐదు వేల మంది పట్టే జాగ. గంట గోపురం 175 అడుగులు, అంటే 53 మీటర్లు. కింద పరిచిన రంగు రంగుల పలకలు బ్రిటన్ నుంచి తెప్పించినవి. లోపట మాట్లాడితే గొంతు తిరిగి మోగకుండ కప్పు కట్టిండ్రు. చుట్టూత ఉన్న మిషన్ ఆవరణ సుమారు మూడు వందల ఎకరాలని చెప్తరు.

వాడు ఇంకోటి అన్నడు, "మా సార్ చెప్పిండు, చార్మినార్ కంటే ఎత్తు అని". ఈ ముచ్చట మస్తు మంది చెప్తరు. నిజాంకు కోపమొచ్చిందని కూడా కథ అల్లిండ్రు. లెక్క చూస్తే చార్మినార్ మినార్లు 56 మీటర్లు. గోపురం మూడు మీటర్లు తక్కువనే. ఇంకో ముచ్చట, వాటికన్ తర్వాత పెద్దది ఇదే అని. వాటికన్ రోమన్ క్యాథలిక్కులది. మెదక్ చర్చి దక్షిణ ఇండియా సంఘానిది, అందరు సీఎస్ఐ అంటరు. మెథడిస్టులు, ఆంగ్లికన్లు, ఇంకా కొన్ని సంఘాలు 1947 సెప్టెంబర్ 27న ఒక్కటై ఏర్పడ్డ సంఘం అది. ఒకటి వేరే ఇంటిది, ఇంకోటి వేరే ఇంటిది, పోటీ పెట్టుడెందుకు? కరువుల లేచిన గుడి అన్న ఒక్క నిజమే దానికి చాలినంత గొప్ప. పిల్లలకు లేని గొప్పలు నేర్పియ్యొద్దు.

బండి ముచ్చట కాడ మాత్రం మాకు తేడా వచ్చింది. మగోళ్లు తుఫాన్ బండి కిరాయికి మాట్లాడుతమన్నరట. అందరం ఒక్కకాడ కూసోవచ్చు, ఎక్కడ అంటే అక్కడ ఆగొచ్చు, నిజమే. కాని ఖర్చు చూడు వదినె. మహాలక్ష్మి పథకం 2023 డిసెంబర్ 9 నుంచి ఉన్నది. పల్లెవెలుగుల, ఎక్స్‌ప్రెస్‌ల ఆడోళ్లకు, ఆడపిల్లలకు టికెట్ పైసలు లెవ్వు. నువ్వు, నేను, పెద్దమ్మ, నీ తోడికోడలు, నా బిడ్డ, ఇందరం జీరో టికెట్ మీద పోతం. మగోళ్లకు, మగ పిల్లలకే పైసలు. ఆ మిగిలిన పైసలతోని పిల్లలకు చెప్పులు కొనొచ్చు. సిర్గాపూర్ నుంచి ఖేడ్, ఖేడ్ బస్టాండ్ల మెదక్ దిక్కు పోయే బస్సు. పెద్దశంకరంపేట మీదికెళ్లి పోతరు, బొడ్మట్‌పల్లి కాడ పెద్ద రోడ్డు ఇడిచి పాపన్నపేట తొవ్వ పట్టి మెదక్. ముందునాడే డిపోల టైము అడుక్కోవాలె, మళ్లొచ్చే బస్సు టైము కూడా. పెద్దమ్మకు మోకాళ్ల నొప్పి, బస్సు ఎక్కుడు దిగుడు కష్టమని వదినె అన్నది. అది నేను కాదనలేను. చివరికి పెద్దమ్మనే తీర్పు చెప్పింది, "ఖేడ్ దాకా ఆటోల పోత, అక్కడికెళ్లి కిటికీ కాడి సీటు ఇప్పియ్యుండ్రి, నాకు తొవ్వ చూసుకుంట పోవుడే ఇష్టం" అని.

తిండికి ఎక్కువ ఆలోచించలే. జొన్నరొట్టెలు రాత్రే కాల్చి గుడ్డల చుట్టుడు, నువ్వులపొడి, పల్లికారం, ఉల్లిగడ్డ. పిల్లలకు పులిహోర. పెరుగు బువ్వ పొద్దుగాల కలిపితే పగటాలకు బాగుంటది. నీళ్ల సీసాలు ఇంటికెళ్లే. తిన్నంక ఒక్క కాగితం ముక్క కూడా అక్కడ ఇడవొద్దు, సంచిల ఏసుకొని తేవాలె.

ఇగ మిగిలినవి. మెదక్ ఖిల్లా గుట్ట మీద ఉన్నది, కాకతీయుల నాటిదంటరు, తర్వాత కుతుబ్‌షాహీలది అయింది, పైన పెద్ద ఫిరంగి ఉన్నది. పోచారం చెరువు ఉన్నది, చర్చి లేస్తున్న కాలంలనే 1916 నుంచి 1922 దాకా కట్టిన కట్ట, చుట్టూత జింకల అడివి. ఏడుపాయల వనదుర్గమ్మ ఉన్నది, మంజీర ఏడు పాయలైన కాడ. వదినె అన్నీ ఒక్కనాడే చూసొద్దామన్నది. బస్సు పైసలు మిగిలినయి గద అని ఆమె లెక్క. నాకు ఇష్టం లేదు. నాలుగు జాగలు ఉరికి ఉరికి చూస్తే ఒక్కటి యాదికి ఉండదు. ఖిల్లా ఎక్కుడు పెద్దమ్మతోని కాదు. పోచారం ఇంకో దిక్కు. ఏడుపాయల తల్లి మాత్రం మన తొవ్వ పక్కనే, మళ్లేటప్పుడు దండం పెట్టుకొని రావొచ్చు. అదీ నీళ్లు చూసుకొనే. సింగూర్ గేట్లు ఎత్తితే మంజీర పొంగి గుడి మునుగుతది, అమ్మవారి ముంగట దాకా పోనియ్యరు. వానలు ఎక్కువైన ఏడు దసరా దాటినా నీళ్లు తగ్గవు. అందుకని ముందే కనుక్కోవాలె. శివరాత్రి జాతరకు అయితే వేరేగ పోదాం, అది వేరే ముచ్చట.

వదినె ఒప్పుకున్నది. ఖిల్లా కోసం పోరగాండ్లు ఏడ్సిండ్రు గాని వాళ్లకు మళ్లొక్కసారి అని చెప్పినం.

ఇది చదివేటోళ్లకు ఒక్క మాట. మీరు ఖేడ్ దిక్కు ఉన్నా, జోగిపేట దిక్కు ఉన్నా, ఎల్లారెడ్డి దిక్కు ఉన్నా, మెదక్ చర్చికి పోతే ఎండ ఉండంగనే పోండ్రి, కిటికీల కాడ తీరుబడిగ కూసోండ్రి. ఇంట్ల ముసలోళ్లను ఇడిచిపెట్టి పోకుండ్రి, కరువు ముచ్చట వాళ్ల నోట్లకెళ్లి వస్తేనే పిల్లలు వింటరు. ఆడోళ్లు ఆధార్ అసొంటి గుర్తింపు కార్డు మరువకుండ్రి, అది లేకుంటే జీరో టికెట్ ఇయ్యరు.